గుండె ఆగినప్పుడు: నొక్కే చేతులు, ఆగే చేతులు

ఈ సంవాదంలో మాట్లాడేవాళ్లిద్దరూ ఒకే ఇంటి మనుషులు. వదిన గుంటూరులో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెబుతారు. అంతకు ముందు ఆవిడ ఉద్యోగమంతా ఐసీయూల్లోనే గడిచింది. మరిది 108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే అత్యవసర వైద్య సహాయకుడిగా చేసి, ఇప్పుడు స్కూళ్లలో, ఫ్యాక్టరీల్లో సీపీఆర్, అంటే ఆగిన గుండెని ఛాతీ నొక్కి నడిపించే పద్ధతి, నేర్పుతున్నాడు. గుండె ఆగిన మనిషిని అతను రోడ్డు మీద చూశాడు, ఆవిడ మంచం మీద చూశారు. అందుకే ఒకే చికిత్స గురించి ఇద్దరికీ చెరో అభిప్రాయం స్థిరపడింది. ఇద్దరిలో ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు. ప్రతి ఇంటికీ ఏదో ఒక రోజు వీళ్లిద్దరి మాటల్లో ఒకటి అవసరం పడుతుందన్న నమ్మకంతో వాళ్ల వాదనను పాఠకుల ముందు పెడుతున్నాను.

మరిది: వదినా, "అందరికీ సీపీఆర్ చేయక్కర్లేదు" అని మీరు క్లాసులో చెబుతున్నారట. మీ స్టూడెంటే వచ్చి నన్నడిగింది. నేను ఊరూరా తిరిగి "చూస్తూ నిలబడొద్దు, నొక్కండి" అని గొంతు చించుకుంటుంటే, మీరు వెనక నుంచి వద్దంటే ఎట్లా?

వదిన: వద్దనలేదయ్యా. అందరికీ అక్కర్లేదన్నాను. ఆ రెండూ ఒకటేనా?

మరిది: వినేవాళ్లకి ఒకటే వదినా. అసలే మనవాళ్లు ముందుకు రారు. పెళ్లి భోజనాల్లో ఒకాయన ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోతాడు. చుట్టూ వందమంది ఉంటారు. ఒకరు మొహాన నీళ్లు కొడతారు, ఒకరు చేతిలో తాళాలు పెడతారు, ఒకరు అరికాళ్లు రుద్దుతారు, ఇంకొకరు ఎత్తి కూచోబెట్టి సోడా తాగించబోతారు. ఈలోగా ఆయన దవడ కదులుతుంది. ఉండి ఉండి గొంతులోంచి గురకలాంటి చప్పుడొస్తుంది. "ఊపిరుంది, ఊపిరుంది" అని అందరూ ఆశపడతారు. అది ఊపిరి కాదు, ఎగశ్వాస. గుండె ఆగిపోయాక కూడా కాసేపు మెదడు కింది భాగం పుట్టించే చప్పుడది. ఆ చప్పుడు విని నొక్కడం మొదలుపెట్టనివాళ్లని, మొదలుపెట్టి ఆపేసినవాళ్లని నేనెంతమందిని చూశానో! మేం వెళ్లేసరికి ఆ చప్పుడు కూడా ఉండేది కాదు.

వదిన: అక్కడ నీ మాటకి నేను అడ్డు చెప్పను.

మరిది: అడ్డు చెప్పకపోతే చాలదు వదినా, గట్టిగా చెప్పాలి. గుండె ఆగాక స్పృహ ఉండేది పది ఇరవై సెకన్లే. నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. షాక్ ఇస్తే దారికొచ్చే గుండె అయినా సరే, ఎవరూ నొక్కకపోతే బతికే అవకాశం నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున కరిగిపోతుంది. మా అంబులెన్సు పైలట్ ఎంత వేగంగా తోలినా పల్లెకి పది నిమిషాల్లో చేరడం గగనం. 2005 ఆగస్టు 15న మన దగ్గర 108 మొదలైంది. దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ ఆగిన గుండె దగ్గర మాత్రం 108 ఎప్పుడూ రెండో చెయ్యే. మొదటి చెయ్యి పక్కనున్నవాళ్లదే కావాలి.

వదిన: నువ్వు మనిషిని క్యాజువాలిటీ గుమ్మం దగ్గర దించి వెళ్లిపోతావు. గుమ్మం లోపల జరిగేది నీకు కనపడదు. ఒకాయన సంగతి చెబుతాను. ఎనభై దాటిన మనిషి. క్యాన్సర్ ఎముకలకి పాకింది. మందులు పనిచేయట్లేదని డాక్టర్లకి తెలుసు, ఇంట్లోవాళ్లకీ తెలుసు. గుండె ఆగితే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒక రాత్రి మానిటర్ మీద గీత సాఫైపోయింది. కోడ్ బ్లూ అన్నారు. స్టూలెక్కి నొక్కడం మొదలుపెట్టాను. కాసేపటికే పక్కటెముక విరగడం నా అరచేతికి తెలిసింది. పైన ఒకరు ట్యూబ్ వేస్తున్నారు, పక్కన ఒకరు ఇంజెక్షన్లు ఎక్కిస్తున్నారు. అరగంట చేశాం. కొడుకు అద్దం అవతల నిలబడి ఉన్నాడు. అన్నీ అయ్యాక అతన్ని లోపలికి పిలిచాం. ఆ అరగంటలో తండ్రి నోట్లో తులసి తీర్థం పోసే వీలైనా అతనికి దక్కలేదు. నోట్లో మా ట్యూబుంది మరి.

మరిది: బాధగానే ఉంది వదినా. కానీ పక్కటెముక విరిగిందని నొక్కడం మానేస్తామా? విరిగిన ఎముక అతుక్కుంటుంది, పోయిన మనిషి తిరిగి రాడు. క్లాసులో నేను మొదట చెప్పే మాటే అది. ఛాతీ మధ్యలో అరచేతి కింది భాగం పెట్టి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ప్రతిసారీ 5 సెంటీమీటర్లకి తగ్గకుండా నొక్కాలి. నొక్కాక ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. మెల్లగా, భయంభయంగా నొక్కితే రక్తం కదలదు. ఎముక విరుగుతుందేమోనని భయపడేవాడు మనిషిని పోగొట్టుకుంటాడు.

వదిన: ఎముక విరగడం గురించి కాదయ్యా నా బాధ. ఎందుకు విరగ్గొట్టామన్నది నా ప్రశ్న. ఆయన గుండె ఆగడంతో ఆయన చనిపోలేదు. ఆయన చనిపోతున్నాడు కాబట్టి గుండె ఆగింది. నువ్వు చెప్పే పెళ్లి భోజనాల మనిషికి జబ్బు గుండెలో ఉంది. గుండెని నడిపిస్తే మిగతా ఒళ్లంతా బతకడానికి సిద్ధంగా ఉంది. మా మంచం మీది మనిషికి ఒళ్లంతా అయిపోయి, ఆఖరుకి గుండె కూడా ఆగింది. ఈ ఇద్దరికీ ఒకే చికిత్స ఎలా చేస్తాం?

మరిది: ఆ తేడా పైకి ఎవరికి తెలుస్తుంది వదినా? అందుకే ముందు నొక్కమనేది. డెన్మార్క్ సంగతి చూడండి. 2005 నుంచి బడిపిల్లలకి, 2006 నుంచి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లకి సీపీఆర్ తప్పనిసరి చేశారు. 2001లో ఆస్పత్రి బయట గుండె ఆగినవాళ్లలో సుమారు 21 శాతం మందికే పక్కనున్నవాళ్లు నొక్కేవారు. 2010కి అది 45 శాతానికి చేరింది. నెల రోజులకి బతికున్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. అంటే మూడింతలు! 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తుండగా క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలోనే పడిపోయాడు. అక్కడికక్కడే నొక్కారు, షాక్ ఇచ్చారు. మరుసటి ఏడాదే మళ్లీ ఆట ఆడాడు, ప్రపంచ కప్పులో కూడా ఆడాడు.

వదిన: ఎరిక్సన్ ఒక్కడు. అంత బాగా నేర్చుకున్న డెన్మార్క్‌లో కూడా పదిమందిలో తొమ్మిదిమంది దాకా నెల తిరక్కుండానే పోయారని అదే లెక్క చెబుతోంది కదా. అది మాత్రం ఎవరూ చెప్పరు. అమెరికాలో డాక్టర్లు టీవీ సీరియళ్లు చూసి 1996లో ఒక లెక్క చెప్పారు. తెర మీద సీపీఆర్ చేసినవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది అప్పటికప్పుడు లేచారట. జనం మనసులో నాటుకుపోయిన బొమ్మ అదే. మన సినిమాల్లోనూ అంతే. రెండు షాకులిస్తే హీరో కళ్లు తెరుస్తాడు. ఆ బొమ్మ మోసుకుని కొడుకులు మా దగ్గరికొచ్చి "ఏం చేసైనా బతికించండి" అంటారు. వాళ్లకి నిజం చెప్పకుండా తీసుకున్న సంతకం సంతకమా?

మరిది: పదింట తొమ్మిది అని అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా వదినా? గుండె ఎలా ఆగిందో చూడాలి. కొందరిలో గుండె పూర్తిగా ఆగదు, కరెంటు గతి తప్పి ఊరికే వణుకుతుంటుంది. ఆ వణుకుకి షాకే మందు. అమెరికా క్యాసినోల్లో జరిగిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది. అక్కడి సెక్యూరిటీ గార్డులకి షాక్ మెషీను వాడటం నేర్పారు. అలా గుండె వణుకుతూ పడిపోయినవాళ్లలో మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లు 74 శాతం మంది నడిచి ఇంటికెళ్లే స్థితికి వచ్చారు. మూడు నిమిషాలు దాటితే 49 శాతమే. షాక్ ఇచ్చినవాళ్లు డాక్టర్లు కాదు, కాపలావాళ్లు. మెషీను దగ్గర్లో ఉంది, చెయ్యి సిద్ధంగా ఉంది, అంతే. మనిషి పడిపోయిన చోటు మెషీనుకి దగ్గరైతే ఒక లెక్క, దూరమైతే ఇంకో లెక్క. మీ సగటులో ఈ సంగతి మునిగిపోతోంది.

వదిన: నువ్వు సరిగ్గా నా దగ్గరికే వచ్చావు. సగటు అబద్ధం చెబుతుందంటున్నావు. నేనూ అదే అంటున్నాను. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అని ముగ్గురు 1960లో ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కి గుండెని నడపొచ్చని ప్రపంచానికి చెప్పారు. వాళ్లు రాసిన 20 మందిలో 14 మంది బతికారు. అంత మంది ఎలా బతికారు? చాలామంది ఆపరేషన్ థియేటర్లలో మత్తు వికటించి గుండె ఆగినవాళ్లు. ఒళ్లు బాగుంది, జబ్బు ఆ నిమిషానిది మాత్రమే. ఆ మంచి పద్ధతి పదేళ్లు తిరిగేసరికి ఆస్పత్రిలో చనిపోయే ప్రతి మనిషి మీదకీ పాకింది. 1974లో అమెరికాలో సీపీఆర్ ప్రమాణాలు రాసినవాళ్లే, ఇది అనుకోని అకాల మరణాన్ని ఆపడానికి, నయం కాని జబ్బు చివర్న వచ్చే మరణానికి కాదు అని స్పష్టంగా రాశారు. పద్ధతిని నేర్పినవాళ్లే హద్దు కూడా గీశారు. మనం పద్ధతి తీసుకుని హద్దు వదిలేశాం.

మరిది: సరే, హద్దు ఉందనుకుందాం. కానీ బతికినవాళ్లు మంచానికి అతుక్కుపోతారన్న భయం కూడా మీరు పెంచుతున్నారు. డెన్మార్క్‌లోనే, పని చేసే వయసులో గుండె ఆగి బతికి బట్టకట్టినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా తిరిగి ఉద్యోగాల్లో చేరారు. బతికించడమంటే జీవచ్ఛవాన్ని మిగల్చడం కాదు.

వదిన: తొందరగా చెయ్యి పడినవాళ్ల సంగతి అది. ఆలస్యమైన గుండెని మందుతో లాక్కొస్తే ఏమవుతుందో కూడా చూడు. బ్రిటన్‌లో ఎనిమిది వేల మందికి పైగా రోగుల మీద చేసిన పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. సగం మందికి ఎడ్రినలిన్, సగం మందికి ఉత్త సెలైన్. నెల రోజులకి బతికున్నవాళ్లు ఎడ్రినలిన్ వైపు 3.2 శాతం, రెండో వైపు 2.4 శాతం. బతికించింది నిజమే. కానీ బతికి బయటపడ్డవాళ్లలో మెదడు బాగా దెబ్బతిన్నవాళ్లు ఎడ్రినలిన్ వైపు 31 శాతం, సెలైన్ వైపు 18 శాతం. గుండెని వెనక్కి తెచ్చే మందు ఉంది. మెదడుని వెనక్కి తెచ్చే మందు లేదు.

మరిది: ఒంటిని చల్లబరిచే చికిత్స ఉంది కదా?

వదిన: మేమూ ఎంత ఆశపడ్డామో! 2002లో ఒంటి వేడిని 32, 34 డిగ్రీల మధ్యకి దించితే మెదడు కాపాడుకోవచ్చని రెండు అధ్యయనాలు వచ్చాయి. మన ఐసీయూల్లో ఐస్ ప్యాకులు, చల్లటి సెలైన్ అన్నీ వచ్చాయి. 1,900 మంది మీద చేసి 2021లో ఫలితం చెప్పిన పెద్ద పరీక్షలో, చల్లబరచడానికీ, జ్వరం రాకుండా చూసుకోవడానికీ తేడా కనపడలేదు. రెండు వైపులా ఆరు నెలల్లో దాదాపు సగం మంది పోయారు. వాళ్లందరూ గుండె తిరిగి కొట్టుకున్నవాళ్లేనయ్యా. ఇప్పుడు మేం చేసేది జ్వరం రానివ్వకుండా చూడటం, బీపీ నిలబెట్టడం, మూసుకున్న రక్తనాళం ఉంటే తెరిపించడం, ఫిట్స్ వస్తే ఆపడం. ఆ తర్వాత ఎదురుచూడటం. కనీసం మూడు రోజులు గడిచేదాకా మెదడు గురించి ఏదీ తేల్చి చెప్పకూడదు. ఆ మూడు రోజులూ ఐసీయూ బయట కుర్చీల్లో కూచున్నవాళ్ల మొహాలు నువ్వు చూడలేదు. రోజుకో బిల్లు, రోజుకో ఆశ. నాలుగో రోజుకి పొలం కాగితాలు బయటికొస్తాయి.

మరిది: 2023లో సినీ నటుడు తారకరత్న గారి విషయంలో రాష్ట్రమంతా అలాగే ఎదురుచూసింది. జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో పడిపోయారు. గుండెని తిరిగి నడిపించారు, బెంగళూరు తీసుకెళ్లారు, మూడు వారాలు పోరాడారు. ఫిబ్రవరి 18న పోయారు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి. మీ హద్దు ప్రకారం చూసినా అక్కడ ప్రయత్నించకపోవడం నేరమే కదా?

వదిన: నేరమే. అలాంటి మనిషికి చివరిదాకా చేయాలి. చేశారు కూడా. వయసులో ఉన్నవాడు, ఉన్నట్టుండి పడ్డాడు, అలాంటివాళ్ల మీద చెయ్యి ఆపమని నేను ఏనాడూ అనలేదు.

మరిది: అయితే మీ మాటలోంచే నా మాట తీస్తాను వదినా. ఎడ్రినలిన్ మెదడుని కాపాడలేదు, చల్లబరచడం కాపాడలేదు. మరి కాపాడింది ఏది? మొదటి నాలుగు నిమిషాల్లో పడిన చెయ్యి. కరెంటు పోయినప్పుడు మోటారు దగ్గర కూచుని ఏడిస్తే నీళ్లు రావు, చేతిపంపు కొట్టాలి. మనం గట్టిగా నొక్కితే మామూలు ప్రవాహంలో పావు వంతు, మహా అయితే మూడో వంతు రక్తం కదులుతుంది. మెదడు ఆరిపోకుండా ఉండటానికి ఆ కాస్తే ఆధారం. దానికి పైసా ఖర్చు లేదు. మన ఇళ్లలో లక్షలు పోసేది చివరి మూడు రోజులకి. నేర్చుకోవాల్సిన మొదటి నాలుగు నిమిషాలకి ఒక్క మధ్యాహ్నం కూడా కేటాయించరు. నా కోపం దాని మీద.

వదిన: ఆ కోపం నాకూ ఉందయ్యా. అది ఒప్పుకుంటాను.

మరిది: 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ చౌరస్తాలో ఒక యువకుడు కుప్పకూలితే, డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే మోకాళ్లేసి నొక్కి బతికించాడు. ఆ వీడియో ఊరూరా తిరిగింది. కొద్ది రోజులకే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. నోట్లో ఊదడానికి జంకేవాళ్ల కోసం మన మత్తు డాక్టర్ల సంఘం నొక్కడం ఒక్కటే నేర్పే పద్ధతి 2017లోనే తయారుచేసింది. గుర్తుపట్టు, 108కి ఫోన్ చెయ్యి, నొక్కు, ఆస్పత్రికి చేర్చు. అంతే. ఇక చట్టం సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చి, రోడ్డు ప్రమాదంలో సాయపడ్డవాళ్లకి కేసుల బెడద లేకుండా చేశారు. గుండె ఆగిన మనిషికి సాయపడేవాడికి కూడా అదే రక్షణ స్పష్టంగా రాయాలి. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, కల్యాణ మండపాల్లో షాక్ మెషీన్లు పెట్టాలి. ఇంత పని మిగిలి ఉండగా "అందరికీ అక్కర్లేదు" అన్న మాట జనం చెవిన పడితే, చేయగలిగినవాడు కూడా చెయ్యి ముడుచుకుంటాడు. అదీ నా భయం.

వదిన: నీ భయం అర్థమైంది. నా భయం కూడా విను. ఆస్పత్రిలో నిజం మాట్లాడకపోతే ఏం జరుగుతుందో తెలుసా? లాభం లేదని లోపలున్న అందరికీ తెలుసు. "చేయొద్దు" అని రాసి ఉండదు. బయట బంధువులున్నారు. అప్పుడు కొన్ని చోట్ల చూపించడానికి నొక్కుతారు. లోతు ఉండదు, వేగం ఉండదు. పది నిమిషాలు చేతులు ఆడించి గడియారం చూసి టైము రాస్తారు. నేనది కళ్లారా చూశాను. బతికించే సీపీఆర్ కాదు, ప్రశాంతంగా పోనిచ్చే మర్యాదా కాదు. రోగికీ అబద్ధమే, ఇంటివాళ్లకీ అబద్ధమే. నా స్టూడెంట్లకి నేను చెప్పేది ఇదే. చేస్తే పూర్తిగా చెయ్యండి. చేయకూడదని నిర్ణయమైతే ముందే, మాట్లాడి, రాసి, ఆగండి. నడిమధ్య నాటకం ఆడొద్దు.

మరిది: అది ఘోరం వదినా. అలా నొక్కడం చూస్తే నేనైతే ఊరుకోను. కానీ "చేయొద్దు" అని రాసే కలం ఎవరి చేతిలో ఉంటుంది? 2020లో కొవిడ్ ముమ్మరంగా ఉన్నప్పుడు బ్రిటన్‌లో కొందరు వృద్ధుల మీద, వికలాంగుల మీద వాళ్లని అడక్కుండానే సీపీఆర్ వద్దని రాసేశారన్న ఫిర్యాదులొచ్చాయి. అక్కడి తనిఖీ సంస్థ 2021లో దాని మీద నివేదిక ఇచ్చింది. అంత వ్యవస్థ ఉన్న దేశంలోనే అలా జరిగితే, మన దగ్గర ముసలాయన, పైగా డబ్బు లేనివాడు, పడక కోసం ఇంకొకరు కాచుకుని ఉన్నారు... ఎంత తేలిగ్గా రాసేస్తారో ఊహించండి. పైగా వయసు చూసి లెక్క కడితే పొరపాటవుతుంది. అమెరికాలో 65 దాటి ఆస్పత్రిలో గుండె ఆగిన నాలుగు లక్షల మందికి పైగా రికార్డులు చూస్తే, 18.3 శాతం మంది ఇంటికెళ్లారు. ఇంచుమించు అయిదుగురిలో ఒకరు. అలా బయటపడ్డ పెద్దవాళ్లలో సగానికి పైగా ఏడాది తర్వాత కూడా బతికే ఉన్నారని ఇంకో అధ్యయనం చెప్పింది.

వదిన: వయసు నా కొలబద్ద కాదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి పొద్దున పొలం గట్టు మీద నడిచొచ్చి, గుండెపోటుతో ఆస్పత్రిలో చేరాడనుకో. రక్తనాళం మూసుకుంది, మాట్లాడుతూనే ఉన్నాడు, ఉన్నట్టుండి గుండె వణికి ఆగింది. అలాంటాయనకి నేనే అందరికంటే ముందు స్టూలెక్కుతాను. నలభై ఏళ్లావిడకి క్యాన్సర్ ఊపిరితిత్తులకీ, కాలేయానికీ పాకి మందులన్నీ అయిపోయాయనుకో. ఆమె పక్కన నేను కూచుని మాట్లాడతాను. చూడాల్సింది జబ్బు, అది వెనక్కి వచ్చేదా కాదా అన్నది. ఆ పైన ఆ మనిషి ఏం కోరుకుంటోందన్నది. డబ్బు కాదు, పడకలు కాదు. నువ్వు చెప్పిన మోసం జరగకుండా ఉండాలంటే దారి కూడా బహిరంగంగా మాట్లాడి రాయడమే. రాయని చోటే అన్యాయం దాక్కుంటుంది.

మరిది: రాయడానికి మన చట్టంలో చోటుందా?

వదిన: ఉంది, తెలిసినవాళ్లే తక్కువ. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, మనిషి తన చివరి వైద్యం ఎలా ఉండాలో ముందుగానే రాసిపెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. అప్పుడు మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది ఎవరివల్లా కాలేదు. 2023లో సడలించి, నోటరీ దగ్గర గానీ గెజిటెడ్ అధికారి దగ్గర గానీ చేయించుకుంటే చాలన్నారు. భారత వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, 2020లో ప్రత్యేకంగా సీపీఆర్ ప్రయత్నించకపోవడం గురించే మార్గదర్శకాలు రాసింది. రోగికి తెలివుంటే రోగితో, లేకపోతే దగ్గరివాళ్లతో డాక్టరు కూచుని మాట్లాడాలి, కేస్ షీట్‌లో రాయాలి. ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకో. సీపీఆర్ వద్దని రాయడమంటే వైద్యం మానేయడం కాదు. నొప్పికి మందు, ఆయాసానికి ఆక్సిజన్, ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్ అన్నీ నడుస్తాయి. గుండె ఆగిన క్షణాన ఛాతీ మీద పడకూడదని మాత్రమే దానర్థం.

మరిది: ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి కదా వదినా. "నాన్నని వదిలేశాడు" అన్న మాట పడటం కంటే అప్పులపాలవడమే మేలనుకుంటాడు మనవాడు. పెద్ద కొడుకు సంతకం పెడితే రేపు దినం భోజనాల్లోనే తమ్ముళ్లు నిలదీస్తారు.

వదిన: అందుకే ఆ మాట కొడుకు నోటి నుంచి రానివ్వకూడదు. తండ్రి నోటి నుంచే రావాలి, తెలివున్నప్పుడే రావాలి. "నాకు నయం కాదని తేలితే నన్ను వైర్లకి కట్టేయొద్దు, మీ చేతుల్లో పోనివ్వండి" అని ఆయనే నలుగురి ముందూ చెబితే, ఆ కొడుకు మీద నింద పడదు. ఇంకో సంగతి. సీపీఆర్ చేస్తున్నప్పుడు కూడా ఇంటివాళ్లని బయటికి తోసేయడం నాకిష్టం లేదు. ఫ్రాన్స్‌లో దాన్ని పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. దగ్గరుండి చూడమని అడిగిన కుటుంబాల్లో, ఆ తర్వాత మనసు చితికిపోయిన లక్షణాలు తక్కువగా ఉన్నాయి. చూసినవాడికి తెలుస్తుంది, చేయాల్సిందంతా చేశారని. చూడనివాడు జన్మంతా ఊహించుకుంటూ ఉంటాడు.

మరిది: ఇదొక్కటీ నేను మీ నుంచి నేర్చుకుంటున్నాను. రోడ్డు మీద మేం మొదట చేసేది ఇంటివాళ్లని పక్కకి నెట్టడమే.

వదిన: పక్కకి జరుపు, కానీ కనపడేంత దూరంలో ఉంచు.

మరిది: సరే. కానీ ఒకచోట మనకి కుదరదు వదినా. కాగితం లేదు, మాట అనుకోలేదు. ఎనభై ఏళ్లావిడ ఇంట్లో పడిపోయింది. షుగరుంది, బీపీ ఉంది, ఇంకేముందో తెలీదు. నేను నొక్కుతాను. మీరు?

వదిన: నేనూ నొక్కుతాను. తెలియనప్పుడు ప్రాణం వైపే మొగ్గాలి. అయితే ఎంతసేపన్నది కూడా ఆలోచిస్తాను.

మరిది: అక్కడే మీరు ముందుగా ఆగుతారు, నేను ఆగను. అమెరికాలో 64 వేలకు పైగా కేసులు చూస్తే, ఎక్కువసేపు ప్రయత్నించే అలవాటున్న ఆస్పత్రుల్లోనే ఎక్కువమంది బతికారు. ఇంకో పది నిమిషాలు అన్నది వృథా కాదు.

వదిన: సగటున మేలే. ఆ ఒక్కావిడకి మేలో కాదో సగటు చెప్పదని నువ్వే అన్నావు కదా. గుండె వణుకుతూ ఉంటే ఎంతసేపైనా చేద్దాం. మొదటి నుంచీ గీత సాఫుగానే ఉంది, పడిపోయిన టైము ఎవరూ చూడలేదు, ఎవరూ నొక్కలేదు, షాక్ పనిచేసే లయే రాలేదు. అలాంటప్పుడు ఇంటివాళ్లకి ఒక మాట చెప్పి ఆగడం కూడా వైద్యమే. ఇందులో నేను నీతో ఏకీభవించను, నువ్వు నాతో ఏకీభవించవు. పర్వాలేదు. ఆ మంచం దగ్గర మనిద్దరిలాంటివాళ్లూ ఉండాలి.

మరిది: అయితే క్లాసులో ఆ మాట ఎలా చెబుదాం? మీ స్టూడెంటు మళ్లీ వచ్చి అడిగితే నేనేం చెప్పను?

వదిన: రెండూ ఒకే క్లాసులో చెప్పు. ఉన్నట్టుండి పడిపోయిన మనిషి కనిపిస్తే ఎవరనీ, ఎంత వయసనీ చూడకుండా నొక్కమను, 108కి ఫోన్ చేయమను. అదే క్లాసు చివర, ఇంట్లో నయం కాని జబ్బుతో ఉన్న పెద్దవాళ్లుంటే ఈ వారంలోనే వాళ్లని "నీకేం కావాలి" అని అడగమను. వాళ్లు చెప్పింది రాసిపెట్టమను, ఆస్పత్రిలో చేరిన రోజే ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టమను. నా స్టూడెంట్లకి నేను నీ సగం కూడా నేర్పుతాను. ఐసీయూలో పనిచేసే నర్సుకి కూడా బస్టాండులో నొక్కడం చేతకావాలి.

మరిది: నా క్లాసులో మీ సగం చెప్పడానికి మీరే రావాలి వదినా. చేతులు ఎలా పెట్టాలో నేను నేర్పగలను. ఆ ప్రశ్న ఇంట్లో ఎలా అడగాలో నాకింకా రాదు.

వదిన: వస్తాను. ముందు మన ఇంట్లో అమ్మమ్మని అడుగుదాం. నేర్పబోయేవాళ్లం, మనమే మొదలుపెట్టకపోతే ఎవరు నమ్ముతారు?